మందారం రేకు తడి ఆరేలోపు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఓ మూల కంప్యూటర్ టేబుల్ మీద ఆరు నెలలుగా వాటర్ కలర్స్‌తో పూలు వేస్తున్నారు. తడి కాగితం మీద రంగు పెడితే ఒకరోజు రేకు దాటి ఎటో పాకిపోతోంది, ఇంకోరోజు కాలీఫ్లవర్ పువ్వులా గరుకు అంచులు కడుతోంది. ఎర్ర మందారం ప్లాస్టిక్ పువ్వులా వస్తోంది, నీడకోసం నలుపు కలిపితే మురికి తేలుతోంది. నందివర్ధనం అయితే తెల్ల కాగితం మీద కనపడనే కనపడదు. విదేశీ కంపెనీ 24 రంగుల సెట్ కొంటే ఇవన్నీ తగ్గుతాయా అని చివరి ప్రశ్న.

సెట్ కొనకండి. ఆ డబ్బులో సగం పెట్టి మంచి కాగితం కొనండి, మిగతాది దాచుకోండి.

నేను కాకినాడలో ఇంటి వరండాకి కిటికీలు పెట్టించి, దాన్నే గదిగా చేసుకుని ఇరవై ఆరేళ్లుగా పూలు వేస్తున్నాను. ఆదివారాలు కొంతమందికి నేర్పుతాను. మీరు పెట్టిన నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. చెయ్యి బాగానే ఉందమ్మా, గీత తప్పలేదు. తప్పుతున్నదల్లా నీళ్ల లెక్క. మీరు అడిగిన వాటిలో సగానికి పైగా ఆ ఒక్క లెక్క దగ్గరే తేలిపోతాయి.

మీ ఇంట్లో ముగ్గు పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి చూడండి. కళ్లాపి చల్లిన వెంటనే ముగ్గు పెట్టరు. నీళ్లు నిలిచి ఉండగా పెడితే పిండి చెదిరిపోతుంది. పూర్తిగా ఆరాక పెడితే గాలికి లేచిపోతుంది. నీళ్లు ఇంకి, నేల రంగు ముదిరి, తేమ మాత్రం మిగిలిన ఆ కాసేపే ముగ్గుకి సమయం. అది గడియారం చూసి చెప్పేది కాదు. సంక్రాంతికి ఒకలా ఉంటుంది, రోహిణీ కార్తెలో ఒకలా ఉంటుంది. వాటర్ కలర్ కాగితం కూడా అచ్చం ఆ వాకిలే. మీరు చూసే వీడియోల్లో "రెండు నిమిషాలు ఆగి ఇప్పుడు రంగు పెట్టండి" అంటారు చూడండి, అవి చల్లటి దేశంలో, మూసిన గదిలో గడిచే రెండు నిమిషాలు. మే నెలలో మీ సీలింగ్ ఫ్యాను కింద అంతసేపు ఆగితే కాగితం ఎండి కూర్చుంటుంది. అదే నిమిషాల లెక్క పట్టుకుని మా కాకినాడలో ఆగస్టులో వేస్తే కాగితం ఇంకా చెరువులానే ఉంటుంది. మొన్న వేసవిలో మా అమ్మాయి ఇంట్లో, మీ హైదరాబాద్‌లోనే, నేను వేసిన రేకు మూడు నిమిషాల్లో ఆరిపోయింది. ఇంటికొచ్చాక వానల్లో అదే కాగితం, అదే కుంచె, పావుగంట దాటినా తడి పోలేదు. కాబట్టి ఇంకొకరి నిమిషాలు మీకు పనికిరావు. మీ గది నిమిషాలు మీరే పట్టుకోవాలి.

ఎలాగంటే, ఒక ఆదివారం పువ్వూ గివ్వూ పక్కన పెట్టి ఇది చెయ్యండి. కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా ఎనిమిది కొయ్యండి. టేబుల్ మీద వరసగా పెట్టి, అన్నిటినీ ఒకేసారి శుభ్రమైన నీళ్లతో ఒకే తీరుగా తడపండి. వెంటనే మొదటి పట్టీ మీద కుంచెతో ఒక్క చుక్క రంగు పెట్టండి. నిమిషం తర్వాత రెండోదాని మీద, ఇంకో నిమిషానికి మూడోదాని మీద, అలా ఎనిమిదీ. చుక్క పెట్టే ముందు ప్రతిసారీ తల వంచి కాగితాన్ని పక్కనుంచి, కిటికీ వైపు చూడండి. మొదట్లో అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు మీద పెట్టిన చుక్క ఎటు పోతుందో దానికే తెలియదు. తర్వాత మెరుపు తగ్గి పట్టుచీర మడతలా మెత్తగా మెరుస్తుంది. అప్పుడు పెట్టిన చుక్క మెత్తగా, గుండ్రంగా, కాస్త దూరం విచ్చుకుని ఆగుతుంది. రేకుల పని అంతా అక్కడే. ఇంకాసేపటికి మెరుపు పూర్తిగా పోతుంది, కానీ వేలి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. చూడ్డానికి ఆరినట్టే ఉండే ఈ దశే అందర్నీ మోసం చేస్తుంది. చల్లదనం కూడా పోయాకే నిజంగా ఆరినట్టు.

మీ కాలీఫ్లవర్లు పుట్టేది ఆ మోసపు దశలోనే. కాగితం సగం ఆరి ఉంది, మీరు కుంచె నిండా నీళ్లతో మళ్లీ ముట్టుకున్నారు. కుంచెలోని నీరు తడి తక్కువున్న చోటికి పరిగెడుతూ, అప్పటికే కుదురుకుంటున్న రంగు రేణువుల్ని అంచుకి తోసేస్తుంది. ఆ తోసిన అంచే మీకు కనిపించే గరుకు గీత. కుంచెలో తడి ఎప్పుడూ కాగితం తడి కంటే తక్కువే ఉండాలి. కుంచెని రంగులో ముంచాక పాత నూలుగుడ్డ మీద ఒక్కసారి పొట్ట ఆనించి తీస్తే చాలు. టిష్యూ పేపర్ వద్దు, అది పూర్తిగా పీల్చేస్తుంది. మా ఇంట్లో చిరిగిన పంచెలన్నీ నా టేబుల్ దగ్గరికే చేరతాయి, మా ఆయన దీనిమీద వేసే జోకులు వేరే కథ.

పనిచేసేటప్పుడు ఫ్యాను ఆపండి. చెమట పడుతుంది, తెలుసు. ఫ్యాను గాలి కాగితాన్ని ఒక పక్కనుంచి ఆరబెడుతుంది, ఒకే రేకులో సగం తడి సగం పొడి అవుతుంది, అక్కడ ఎవరి లెక్కా పనిచెయ్యదు. ఏసీ గాలి కూడా నేరుగా టేబుల్ మీదకి రాకుండా చూసుకోండి. ఎండాకాలానికి నేను చేసే పని ఒకటుంది. కాగితాన్ని రెండువైపులా బాగా తడిపి, పాత ఫోటో ఫ్రేమ్ అద్దం మీద బుడగలు లేకుండా పరుస్తాను. వెనకాల తడి అద్దానికి అంటుకుని ఎటూ పోలేదు కాబట్టి పైభాగం చాలాసేపు మెత్తగా ఉంటుంది. వంటింటి గ్రానైట్ గట్టు మీద కూడా బాగానే నిలుస్తుంది, వంట అయ్యాక ఖాళీ ఉంటేనే సుమా.

ఇక కాగితం. మీ ఫోటోల్లో కాగితం అలలుగా లేచి ఉంది, రంగు మచ్చలుగా ఇంకింది. అది 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) చెక్క గుజ్జు కాగితం అని మీరే రాశారు. దానిమీద పైన చెప్పిన పట్టుమెరుపు దశ వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. నూరు శాతం కాటన్, 300 జీఎస్ఎం, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం) అని అడిగి తీసుకోండి. నీటిని లోపల పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే గుణం పత్తి నారది. ప్యాడ్లు కాకుండా పూర్తి షీటు కొంటే కలిసొస్తుంది. 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉండే షీటుని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి ఏడున్నర, పదకొండు అంగుళాలు వస్తుంది, ఒక మందారానికి అది రాజభోగం. హాట్ ప్రెస్ అని నున్నటి రకం ఉంటుంది. సన్న గీతలకి బాగుంటుంది కానీ నీళ్లు పైపైనే జారతాయి, మొదట్లోనే దాని జోలికి వెళ్లకండి.

కాగితం గురించి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇంకోటి ఉంది. కాగితం తయారీలో నీరు వెంటనే ఇంకిపోకుండా జిలెటిన్‌లాంటి జిగురు పట్టిస్తారు, దాన్నే సైజింగ్ అంటారు. తేమకి ఆ జిగురు పాడవుతుంది. పదేళ్ల కిందట ఒకేసారి పాతిక మంచి షీట్లు తెప్పించి, అపురూపంగా బీరువా మీద పెట్టుకున్నాను. బీరువా ఆనుకున్నది బయటి గోడకి. రెండు వానాకాలాలు గడిచాక తీసి రంగు పెడితే పెట్టినచోట పెట్టినట్టు అద్దుడు కాగితంలా పీల్చేసింది, అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా ముదురు మచ్చలు. మొదట రంగుని తిట్టుకున్నాను, తర్వాత నా చేతిని తిట్టుకున్నాను. ఆ షీట్లన్నీ చివరికి పిల్లలు పెన్సిల్ బొమ్మలు వేసుకోవడానికి పోయాయి. ఇప్పుడు కాగితాన్ని మందపాటి ప్లాస్టిక్ కవర్లో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, మంచం కింద పెట్టెలో పడుకోబెడతాను. పాత కాగితం తీసినప్పుడల్లా మూలన ఒక నీటి చుక్క వేసి చూస్తాను. చుక్క ముత్యంలా కాసేపు నిలబడితే బాగున్నట్టు. వెంటనే ఇంకి ముదురు మచ్చ కడితే అది రంగులకి పనికిరాదు. హైదరాబాద్‌లో మా అంత తేమ ఉండదు, అయినా కొత్త షీట్లు ఏడాదికి సరిపడా మాత్రమే కొనుక్కోండి.

ఇప్పుడు మందారం. ముద్దమందారం వద్దు, ఒంటిరెక్కదే తీసుకోండి. పొద్దున్నే కోసి ఒక చిన్న గ్లాసులో పెట్టుకోండి. అది ఒక్కరోజు పువ్వు, సాయంత్రానికి ముడుచుకుంటుంది, కాబట్టి వాయిదా వెయ్యడానికి లేదు. గ్లాసుని కిటికీకి ఒక పక్కన పెట్టి, మొదలుపెట్టే ముందే ఒక ఫోటో తీసి ఉంచుకోండి, గంటలో నీడలు ఎలాగూ జరుగుతాయి.

పెన్సిల్ పట్టకముందు పది నిమిషాలు ఊరికే చూడండి. అయిదు రేకులు. ప్రతి రేకూ ఒక అంచుతో పక్క రేకు మీదకి ఎక్కి, రెండో అంచుతో ఇటు పక్కదాని కిందకి దూరి ఉంటుంది, పిల్లలు తిప్పే కాగితం గాలిమర లాగా. మీ బొమ్మలో రెండు రేకులు రెండు అంచులతోనూ పైకి ఎక్కేశాయి, పువ్వు అతికించినట్టు కనిపించడానికి అదొక కారణం. రేకు మొదట్లో ముదురు మెరూన్ గొంతు ఉంటుంది, అక్కణ్నుంచి ఈనెలు విసనకర్ర పుల్లల్లా అంచుకి విచ్చుకుంటాయి. మధ్యలోంచి కాడ పొడుచుకొస్తుంది. దాని పైభాగం చుట్టూ పసుపు పుప్పొడి గుళ్లు, చిట్టచివర అయిదు ఎర్రటి చుక్కలు. ఈ కాడని అందరూ అగరుబత్తీ గుచ్చినట్టు వేస్తారు. అది లోపలి చీకట్లోంచి బయటికి వస్తోంది కాబట్టి మొదలు ముదురుగా, మసగ్గా ఉండాలి, కొస మాత్రమే స్పష్టంగా ఉండాలి.

రేకులన్నీ ఒకేసారి తడపకండి. వరసగా ఒకటి నుంచి అయిదు అనుకుంటే, మొదట ఒకటి, మూడు వెయ్యండి. అవి పూర్తిగా ఆరాక రెండు, నాలుగు. చివరికి అయిదు. ఇలా చేస్తే పక్కపక్క రేకులు ఎప్పుడూ ఒకేసారి తడిగా ఉండవు, ఒకదాని రంగు ఇంకోదాంట్లోకి దూకదు. రేకు పాకిపోతోందన్న మీ మొదటి ఫిర్యాదు ఇక్కడే సగం పోతుంది.

ఎరుపు ప్లాస్టిక్‌లా రావడానికి కారణం, మీరు డబ్బాలో ఉన్న ఒక్క ఎరుపునే పలచగా, చిక్కగా వాడటం. కిటికీ పక్కన ఉన్న మందారాన్ని కళ్లు సగం మూసి చూడండి. రేకు వంపు తిరిగి మెరిసేచోట ఎరుపు ఉండదు, ఆకాశం కనిపిస్తుంది, అంటే నీలం కలిసిన చాలా లేత గులాబీ. వెలుగు రేకులోంచి దూసుకొచ్చే చోట నారింజ. మడత లోపల చిక్కటి వంకాయ ఎరుపు. మొదటి పొరలో రేకుని తడిపి, పట్టుమెరుపు రాగానే క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ రంగు పలచగా పెట్టండి, మెరిసేచోటు వదిలెయ్యండి. అది తడిగా ఉండగానే వెలుగు దూసుకొచ్చేచోట పసుపు ఒక్క చుక్క తగిలించండి, అదే నారింజగా తిరుగుతుంది. పూర్తిగా ఆరనివ్వండి, వేలికి చల్లగా తగలకూడదు. రెండో పొరలో వేడి ఎరుపు (నారింజ వైపు మొగ్గే ఎరుపు), గొంతు దగ్గర మొదలుపెట్టి అంచుకి లాగుతూ, ఈనెల దారినే కుంచె నడపండి. మూడోది గొంతుకీ మడతలకీ మాత్రమే. అదే రోజ్‌లో అల్ట్రామెరైన్ నీలం కొద్దిగా కలపండి, నలుపు ముట్టుకోకండి. ఎరుపులో నలుపు పడితే గోధుమ మురికి వస్తుంది, నీలం పడితే లోతు వస్తుంది. ఆరాక రంగు కొంత తేలిపోతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు "అయ్యో ఎక్కువైంది" అనిపించేంత చిక్కగానే పెట్టండి.

మురికికి ఇంకో కారణం కూడా ఉంది. పొర ఆరకముందే సరిచెయ్యాలని రుద్దుతున్నారు. రెండుసార్ల కంటే ఎక్కువ ముట్టుకోవద్దు. నచ్చకపోతే వదిలెయ్యండి, ఆరాక తడి కుంచెతో మెల్లగా నానబెట్టి గుడ్డతో అద్దితే కాటన్ కాగితం మీద చాలావరకు లేస్తుంది.

రంగుల విషయానికొస్తే మీ దగ్గరున్న స్టూడెంట్ డబ్బా నేర్చుకోడానికి చాలు. కొనాలనిపిస్తే విడిగా ఆరు ట్యూబులు చూడండి: నిమ్మ పసుపు, క్వినాక్రిడోన్ రోజ్, ఒక వేడి ఎరుపు, అల్ట్రామెరైన్, థాలో నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు). ఆకుపచ్చ కొనక్కర్లేదు. థాలో నీలంలో పసుపు కలిపి, బర్న్ట్ సియెన్నా రవ్వంత వేస్తే మందారం ఆకు దిగిపోతుంది. ట్యూబు మీద కంపెనీ పెట్టిన పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ నంబరు చూడండి. రోజ్ కి పీవీ 19 ఉంటే నిశ్చింత. పాత రకం అలిజరిన్ క్రిమ్సన్‌లో ఉండే పీఆర్ 83, ఒపేరా పింక్ పేరుతో వచ్చే మెరుపు గులాబీ, ఈ రెండూ వెలుతురుకి వెలిసిపోతాయి. ఇది కూడా పరువు పోగొట్టుకుని నేర్చుకున్నదే. దగ్గరి చుట్టాల గృహప్రవేశానికి కాగితపు పూల (బోగన్విలియా) కొమ్మ ఒకటి వేసి, ఆ మెరుపు గులాబీతో అదరగొట్టి, ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. వాళ్లు ముచ్చటపడి బాల్కనీకి ఎదురుగా తగిలించారు. రెండేళ్ల తర్వాత వెళ్తే ఆకులు ఆకుల్లానే ఉన్నాయి, పూలు మాత్రం ఉతికిన రవికెలా ఉన్నాయి. "బూడిద రంగు పూలు భలే వెరైటీగా ఉన్నాయి పిన్నీ" అన్నాడు వాళ్లబ్బాయి. అప్పట్నుంచి కొత్త ట్యూబు కొంటే ఒక పట్టీ మీద పూసి, సగం అట్టతో మూసి, కిటికీకి మూడు నెలలు అంటించి ఉంచుతాను.

తేనె కలిపి తయారుచేసే రంగులు కొన్ని వస్తాయి. కుంచెకి హాయిగా లేస్తాయి, కానీ వానాకాలంలో ఎప్పటికీ గట్టిపడవు, నా డబ్బాకి చీమలు కూడా పట్టాయి. ఏ రకమైనా పని అయ్యాక డబ్బా మూత తెరిచి పూర్తిగా ఆరనిచ్చి అప్పుడే మూయండి, లేకపోతే బూజు పడుతుంది.

నందివర్ధనం సంగతి సులువు. మీరు తెలుపు వెయ్యాలని చూస్తున్నారు. తెలుపు వెయ్యకూడదు, దాని వెనక ఉన్న ఆకుల్ని వెయ్యాలి. పువ్వు ఆకారాన్ని పొడిగా వదిలి, చుట్టూ ముదురు ఆకుపచ్చ అంచు దాకా తీసుకురండి, పువ్వు దానంతటదే లేచి కూర్చుంటుంది. లోపల రేకు రేకుకీ మధ్య పలచటి నీలి బూడిద నీడలు, గొంతు దగ్గర ఆకు రంగు ఛాయ చాలు. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా పూసి, తర్వాత లాగేసే జిగురు) గురించి అడిగారు. మన ఎండలకి అది కాగితానికి గట్టిగా పట్టేసి, లాగితే పొర లేచిపోతుంది. నేను వాడను.

రాత్రి పసుపు బల్బు కింద వేస్తున్నారని మీ ఫోటోలోనే తెలుస్తోంది. ఆ వెలుతుర్లో పసుపు మీ కంటికి ఆనదు, ఎక్కువ వేసేస్తారు, పొద్దున లేచి చూస్తే పువ్వుకి కామెర్లు వచ్చినట్టుంటుంది. ఉత్తరం కిటికీ ఉంటే టేబుల్ అక్కడికి జరపండి, వాస్తు ఏం చెప్పినా సరే. ఉత్తరం వెలుతురు రోజంతా పెద్దగా మారదు. లేకపోతే 5000 కెల్విన్ దాటిన, అంటే పగటి వెలుగులా తెల్లగా ఉండే, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్న ఎల్‌ఈడీ ఒకటి కొనండి.

మీరు కింద ఒక మాట రాశారు, మన వాతావరణంలో అసలు ఇవి కుదరవేమో అని. మా ఊరి పక్కనే సామర్లకోట. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా చేరిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉండి, తోట పెంచి, ఈ తీరం మొక్కల్ని మనవాళ్ల చేతే రంగుల్లో వేయించాడు. అందులోంచి ఏరిన బొమ్మలతో 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలు వచ్చాయి, మొత్తం 300 చిత్రాలు. రాక్స్‌బర్గ్ పేరు అందరికీ తెలుసు, వేసినవాళ్ల పేర్లు మాత్రం జనానికి తెలియవు. వాళ్లకి ఏసీ లేదు, సిలికా జెల్ లేదు, ఇదే ఉక్కపోత, ఇదే తుఫాను గాలి. ఆ బొమ్మల స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి. పువ్వు పక్కనే దాని రేకు, కేసరం, కాయ విడదీసి విడివిడిగా వేసిన తీరు చూడండి. మందారం ఒకటి కోసి, అలా విడదీసి ఒకరోజు గీసి చూస్తే గాలిమర రహస్యం మీ చేతికి వచ్చేస్తుంది.

చివరగా, అమ్మ పుట్టినరోజుకి ఫ్రేమ్ కట్టించి ఇస్తానన్నారు కదా. ఫ్రేమ్ కట్టేవాళ్లు పని తేలికని కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించేస్తారు. ఒప్పుకోకండి. మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట) పెట్టించండి, బొమ్మకీ అద్దానికీ ఎడం ఉండాలి. లేకపోతే వానాకాలంలో లోపల చెమ్మ పట్టి బొమ్మ అద్దానికి అంటుకుంటుంది, తర్వాత విప్పబోతే రేకు అద్దం మీదే ఉండిపోతుంది. వెనక అట్టకి టేపు నాలుగు వైపులా వేయించండి, సిల్వర్ ఫిష్ పురుగుకి కాగితంలోని జిగురంటే ప్రాణం. తగిలించేది హాల్లో లోపలి గోడకైతే మంచిది, బాల్కనీ ఎదురుగా మాత్రం వద్దు.